బిగుసుకుపోయిన మర

తుపాకీకి కొబ్బరినీళ్ళతో అభిషేకం చెయ్యకూడదని సీతారత్నానికి ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? అలాంటి పని ఒకరు చేస్తారని ఎవరికైనా తోస్తుందా? శివుడికి చేస్తాం, సుబ్రహ్మణ్యేశ్వరుడికి చేస్తాం, కొత్త మోటారు సైకిలు కొంటే ముందు చక్రం దగ్గర కాయ కొట్టి ఆ నీళ్ళే బండి మీద చల్లుతాం. ఎటు చూసినా కొబ్బరిచెట్లే కనిపించే సీమలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్ళ వల్ల ఏదైనా పాడవుతుందన్న ఆలోచన రాకపోవడంలో వింతేమీ లేదు.

కాబట్టి దసరా నాడు ఆవిడ చేసిన పనిని తప్పనడానికి వీల్లేదు. తప్పు తరవాత మొదలైంది.

ఆ తుపాకీ ఆవిడ భర్త పెదబాబుది. ఆయన మిలటరీలో చేసి వచ్చాడు. వచ్చాక లైసెన్సు తెచ్చుకుని, పన్నెండు బోరు పంపు తుపాకీ ఒకటి కొనుక్కుని, అమలాపురంలో ఒక బంగారం తాకట్టు ఆఫీసు దగ్గర గన్‌మేన్‌గా కుదిరాడు. గొట్టం కిందున్న చెక్కపట్టీని వెనక్కి లాగి ముందుకి తోస్తే ఛక్‌మని తూటా ఎక్కే రకం అది. రాజోలు దగ్గరి ఇంటి నుంచి రోజూ స్కూటరు మీద, గుడ్డ సంచిలో దాన్ని భుజానికి తగిలించుకుని వెళ్ళేవాడు. తుపాకీ ఉన్నంత కాలం గన్‌మేన్ గారు, లేని రోజున తలుపు తీసే మనిషి. ఆ తేడా ఆయనకి తెలుసు, ఆఫీసుకి తెలుసు, వీధిలో వాళ్ళకి మరీ బాగా తెలుసు.

అందుకని తుపాకీని ఆయన చంటిపిల్లాడిలా చూసుకునేవాడు. నెలకోసారి విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ బిగించేవాడు. దసరాకి ఆయుధపూజంటే చెక్క మడమ మీద ఒక్క బొట్టు, అంతే. "ఇనప ముక్క మీద తడి పడిందా, నీకూ నాకూ చెల్లు" అని పెళ్ళాంతో ఏటా చెప్పేవాడు. సీతారత్నం ఏటా తలూపేది.

ఈ ఏడు మాత్రం ఆవిడకి ఆ ఒక్క బొట్టు సరిపోలేదు. వేసవిలో ఎక్కడో పై జిల్లాలో ఇలాంటి తాకట్టు ఆఫీసులోనే దొంగలు పడ్డారు. గుమ్మంలో ఉన్న కాపలా మనిషిని కత్తితో పొడిచారు. నెత్తుటి మరకలున్న ఆ మెట్లని టీవీలో పదేపదే చూపించారు. అప్పటినుంచీ పెదబాబు స్కూటరు వీధి మలుపు తిరిగితే చాలు, ఈవిడ దేవుడి గూటి ముందుకి వెళ్ళి నిలబడేది. తుపాకీకి నిండుగా పూజ చేస్తానని అమ్మవారికి మొక్కుకుంది. ఆయనతో చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

దసరా ముందురోజు సాయంత్రం పెదబాబు తుపాకీ విప్పి శుభ్రం చేశాడు. పక్కన ఆవిడ తమ్ముడు అనిల్ కూర్చున్నాడు. అనిల్ తాటిపాకలో ఒక లేతు షాపులో ఫిట్టరు. చమురు బావుల పైపులకి మరలు తీయడం, మరలు బిగించడం వాడి పని. తల్లి పోయేనాటికి వాడికి ఊహ కూడా తెలీదు. అక్కే నీళ్ళు పోసి, అన్నం పెట్టి పెంచింది. పిల్లలు కలగని ఆ ఇంట్లో ఆదివారాలు వాడి భోజనం ఎలాగూ ఉండేది. తుపాకీ విప్పుతుంటే వాడి చేతులు ఊరుకోలేదు. తూటాలుండే గొట్టం చివర ఒక గుండ్రటి మూత ఉంటుంది. అది మర మీద ఎక్కి పైగొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. పెదబాబు ముచ్చటపడి ఆ మూత వాడి చేతికే ఇచ్చాడు. వాడు వేళ్ళతో నెమ్మదిగా తిప్పి బిగించాడు. "మర ఎంత నున్నగా తీసేరండి బావగారూ!" అని మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళగానే సీతారత్నం పని మొదలుపెట్టింది. గడపకి రాసినట్టు తుపాకీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు రాసింది. కుంకుమ అద్దింది. కాయ కొట్టి, రెండు చెక్కల్లోని నీళ్ళూ మూతి నుంచి మడమ దాకా ధార పోసింది. ఆయన్ని క్షేమంగా ఇంటికి పంపించు తల్లీ, అని ఒక్కటే కోరిక కోరింది. తరవాత పసుపు కనబడకుండా పమిటతో పొడిగా తుడిచి, మెరుపు కోసం పైన కాస్త కొబ్బరినూనె కూడా రాసి, ఆయన మామూలుగా పెట్టే చోట బొట్టు పెట్టింది. పెదబాబు తల తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఈ ఏడు తళతళలాడిపోతోందే!" అన్నాడు. సీతారత్నం లోలోపల మురిసిపోయింది.

పండగ వెళ్ళింది. వర్షాలు పట్టాయి. ఓడలరేవు వైపు నుంచి వారం పాటు ఉప్పుగాలి విడవకుండా వీచింది. పెదబాబు రోజూ పైపైన తుడుచుకుని తుపాకీ మోసుకుంటూ తిరిగాడు. విప్పే రోజు ఇంకా రాలేదు.

దీపావళి నాలుగు రోజులుందనగా సెక్యూరిటీ ఏజెన్సీ నుంచి రమణబాబు అనే సూపర్‌వైజరు తనిఖీకి వచ్చాడు. "మూత తీసి లోపల చూపించండి పెదబాబు గారూ" అన్నాడు. పెదబాబు తిప్పాడు. తిరగలేదు. రుమాలు చుట్టి తిప్పాడు. ఊహూఁ. ఆఫీసు పిల్లలంతా చూస్తుండగా ముఖం కందిపోయేలా తిప్పాడు. మూత ఉన్నచోటనే ఉంది.

"పండగెళ్ళేక సోమవారం వస్తానండి" అన్నాడు రమణబాబు మర్యాదగానే. "అప్పటికి విప్పి చూపించాలండి. లేకపోతే ఆ పోస్టులో ఇంకో మనిషిని పెట్టమంటారండి పైవాళ్ళు. నా చేతిలో ఏం లేదండి."

ఆ సాయంత్రం పెదబాబు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. సీతారత్నం మంచినీళ్ళిచ్చి ఏమైందని అడిగింది. ఆయన చెప్పాడు. చెప్పి, "మరలోకి ఏదో దిగిందే. దిగి పట్టేసింది. లేకపోతే చేత్తో వచ్చే మూతకేం రోగం?" అన్నాడు.

సీతారత్నానికి దసరా పొద్దు గుర్తొచ్చింది. చేతిలో కొబ్బరిచెక్కలు పట్టుకుని నిలబడ్డ తను, మూతి మీద నుంచి జారి ఆ మూత చుట్టూ ఆగి ఆగి కారిన నీళ్ళు, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. తన పమిట పైన తుడిచింది గానీ లోపలికి దిగినదాన్ని ఏం తుడిచింది! చెప్పేద్దామని నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే పెదబాబు తొడ చరుచుకున్నాడు. "మీ తమ్ముడే! మూత బిగించింది వాడే కదా. మర తప్పించి ఎక్కించి బిగించేసేడు. పెద్ద ఫిట్టరు!"

తెరిచిన నోరు మూతబడింది. అదీ తప్పు. ఆ క్షణాన ఒక్క మాట చెబితే ఆయన కాసేపు ఎగిరి, తిట్టి, ఆనక ఊరుకునేవాడు. సీతారత్నానికి ఆ సంగతి అప్పుడూ తెలుసు. అయినా ఆయన ముఖంలో కోపం చూసి, రేపు చెబుదాం, కాస్త చల్లారాక చెబుదాం అనుకుంది. రేపటికి వాయిదా వేసిన నిజం ఎంత బరువెక్కుతుందో మనలో తెలియనిదెవరికి?

మర్నాడు ఆదివారం. అనిల్ ఏమీ తెలియకుండా చక్రకేళీ అరటిపళ్ళ హస్తం ఒకటి పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. వాడింకా గేటు దాటకముందే పెదబాబు వీధిలోకి ఎదురెళ్ళాడు.

"ఏం చేసేవురా నా తుపాకీని?"

విషయం తెలిశాక అనిల్ తెల్లబోయాడు. "లేదండి బావగారూ. వేళ్ళతోనే తిప్పేనండి. మర కూర్చుందో లేదో చేతికే తెలిసిపోద్దండి. అది తెలీకపోతే నాకు అన్నమేదండీ?"

"నీ చేతులు రిగ్గు పైపులకి సరిపోతాయి. నా కూడు తీసేసేవు కదరా! ఇంకోసారి నా గడప తొక్కకు!"

పక్కింటి రమణమ్మ గారు ఆరిన బట్టల్నే మళ్ళీ ఆరేస్తూ గోడ దగ్గర నిలబడిపోయారు. అటు టీకొట్టు ముందు ఇద్దరు ముగ్గురు ఆగారు. అనిల్ వాళ్ళెవరినీ చూడలేదు. గుమ్మంలో ఉన్న అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు ఎవరైనా కొడితే వచ్చి అలాగే చూసేవాడు.

"పాలు పొంగిపోతున్నాయి" అంటూ సీతారత్నం లోపలికి పరిగెత్తింది. పొయ్యి మీద పాలు లేవు. అసలు పొయ్యే వెలగలేదు. ఆరిన పొయ్యి ముందు నిలబడి, గేటు వేసిన చప్పుడు వినబడేదాకా కదల్లేదు. చక్రకేళీలు అరుగు మీద వదిలేసి వెళ్ళాడు వాడు. ఆ పళ్ళు ఆవిడ ముట్టలేదు. పెదబాబు మటుకు తిన్నాడు.

దీపావళి ఆ ఇంట్లో చప్పుడు లేకుండా పోయింది. సీతారత్నం ప్రమిదలు వెలిగిస్తూ తన్ను తాను తిట్టుకుంది. పెంచిన చేతులతోనే వాడి ముఖాన మసి పూశాను, అనుకుంది. చెబుదామని రెండు మూడుసార్లు ఆయన దగ్గరకి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ, "అప్పుడెందుకు చెప్పలేదు?" అని ఆయన అడిగితే ఏమనాలో తోచక, కాఫీ కావాలా అని అడిగి వచ్చేసింది. పెదబాబు ఆ పండగ రోజుల్లో చాలా కాఫీ తాగాడు.

ఆయన బాధ ఆయనది. అరచేతులు పొక్కేదాకా మూత తిప్పాడు. కాకినాడలో తుపాకుల షాపుకి ఫోను చేశాడు. వాళ్ళు తెచ్చి ఇచ్చేసి వెళ్ళమన్నారు, నెల పట్టచ్చన్నారు. సోమవారం చూస్తే ఎదురుగా ఉంది. "పైపు పానా పెట్టి ఒక్క పట్టు పట్టేస్తే?" అని కూడా అనుకుని, పళ్ళు దిగి గొట్టం నలిగిపోతే ఉన్నదీ పోతుందని భయపడి మానేశాడు. రోజంతా ఒళ్ళో తుపాకీ పెట్టుకుని కూర్చునేవాడు. కొమ్ములు తిరిగిన మగాడు అలా డీలా పడిపోతే చూడలేకపోయింది సీతారత్నం.

"అనిల్ని పిలుద్దామండీ" అంది చివరికి. "మరల పని వాడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?"

"వాడా? వాడి ముఖం చూడను!"

అప్పుడు ఆవిడ నోట ఒక మాట వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకే తెలీదు. "పాడు చేసినవాడే బాగు చెయ్యాలి కదండీ!"

పెదబాబుకి ఆ మాట నచ్చింది. "అదీ నిజమే. రమ్మను. వచ్చి బాగుచేసి పొమ్మను" అన్నాడు. సీతారత్నం పెరట్లోకి వెళ్ళి, నూతి చప్టా మీద కూర్చుని, తన నోటిని తానే నమ్మలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మొదటిసారి ఊరుకుని తమ్ముణ్ణి ముంచింది. ఈసారి నోరు విప్పి మరీ ముంచింది.

మర్నాడు కార్తీక శుద్ధ విదియ. భగినీ హస్త భోజనం రోజు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినాల్సిన రోజు. ఫోనులో ఆవిడ ఆ సంగతే ముందు చెప్పింది. తుపాకీ సంగతి తరవాత చెప్పింది. 

"బావగారు రమ్మన్నారా?" అన్నాడు అనిల్.

"ఆయ్. రమ్మన్నారు."

"నీకోసం వస్తానక్కా" అన్నాడు.

పది దాటాక వచ్చాడు. సంచిలో తుప్పు వదిలించే నూనె డబ్బా, పట్టీతో చుట్టి తిప్పే బెల్టు రెంచి, సైకిలు ట్యూబు ముక్క, చెక్క సుత్తి తెచ్చుకున్నాడు. పెదబాబు పలకరించలేదు. లైసెన్సు ఆయన పేరున ఉంది గనక తుపాకీ ఆయన చెయ్యి దాటి పోకూడదు. వెనక వసారాలో పాతపేపర్లు పరిచి, తూటాలు లేవని తెరిచి చూపించి, తనే మడమ పట్టుకుని పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా అనిల్ గొంతుక్కూర్చున్నాడు. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గర. 

అనిల్ మూత చుట్టూ గోటితో గీరి చూశాడు. అంచున నూనె వేశాడు. చెక్క సుత్తితో చుట్టూ చిన్నగా తట్టాడు. "కాసేపు ఆగాలండి. నూనె లోపలికి దిగాలి" అన్నాడు. ఆగారు. "అక్కా, మరుగునీళ్ళు, దళసరి గుడ్డా" అన్నాడు. సీతారత్నం తెచ్చింది. గుడ్డ ముంచి పిండి మూతకి చుట్టాడు. చల్లారగానే మళ్ళీ ముంచాడు. పైమూత వేడికి సాగితే పట్టు వదులుతుందన్నాడు. ఆవిడ పొయ్యికీ వసారాకీ మధ్య తిరుగుతూనే ఉంది. గుడ్డ మారిన ప్రతిసారీ మూత రావాలని దేవుడికి దణ్ణం పెట్టింది, వస్తే అందులో పసుపు కనిపిస్తుందని తలుచుకుని రాకూడదనీ పెట్టింది. రెండు కోరికలూ ఒకే దేవుడికి.

ట్యూబు ముక్క చుట్టి, పైన బెల్టు రెంచి వేశాడు అనిల్. ముందు వదలడం కాదు, ఇంకాస్త బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి నొక్కాడు. "ఇదేంటిరా, ఇంకా బిగిస్తావా?" అని పెదబాబు గదిమాడు. అవే ఆ పొద్దున్న ఆయన వాడితో అన్న మొదటి మాటలు.

"పట్టు తెగాలండి ముందు. ఎటు తెగినా తెగినట్టేనండి."

అటూ ఇటూ, అటూ ఇటూ. మళ్ళీ నూనె. మళ్ళీ వేడిగుడ్డ. పెదబాబు మోకాళ్ళ మధ్య తుపాకీ, అనిల్ చేతుల్లో రెంచి, ఇద్దరి నుదుళ్ళ మీదా చెమట. అంతలో పెదబాబు ఫోను మోగింది. రమణబాబు. సిగ్నలు లేక, "ఇక్కడే ఉండు" అని వీధి అరుగు మీదకి వెళ్ళాడు ఆయన. మడమ సీతారత్నం పట్టుకుంది.

అప్పుడే కిర్రుమంది. మూత తిరిగింది.

అనిల్ నెమ్మదిగా చుట్టు తరవాత చుట్టు విప్పి, మూత అరచేతిలోకి తీసుకున్నాడు. మర నిండా ముద్ద. బెల్లంపాకం మూకుడుకి అడుగంటినట్టు, గోధుమరంగు జిగురు. వాడు తెల్ల బనీను గుడ్డతో తుడిచాడు. గుడ్డ పచ్చగా అయింది. అక్కడక్కడ ఎర్రటి రేణువులు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తల ఎత్తి అక్క వైపు చూశాడు.

సీతారత్నం చూపు దించుకుంది. అంతా తెలిసిపోయింది వీడికి, అనుకుంది.  అనిల్ గబగబా గొట్టం మీది మర తుడిచాడు, మూత లోపల తుడిచాడు, ఆ గుడ్డని మడిచి ప్యాంటు జేబులోకి తోసేశాడు. పెదబాబు వచ్చేసరికి రెండు మరలూ తళతళలాడుతున్నాయి.

పెదబాబు ముఖం చూడాలి అప్పుడు. మూత ఎక్కించాడు, దించాడు, మళ్ళీ ఎక్కించాడు. చేతికి వెన్నలా తిరుగుతోంది. "హమ్మయ్య! హమ్మయ్య!" అన్నాడు. ఆనక గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఏమైందంటావ్?"

"నేనేనండి బావగారూ" అన్నాడు అనిల్, రెంచి సంచిలో పెట్టుకుంటూ. "మర తప్పించి ఎక్కించేసేను. ఇప్పుడు విప్పుతుంటే తెలిసింది. మీరన్నదే నిజమండి."

సీతారత్నం వాడి వైపే చూసింది. వీధిలో అందరి ముందూ తిట్టినా ఒప్పుకోని మనిషి. మర చేతికి తెలీకపోతే అన్నమేదన్న మనిషి. వాడి నోటితో వాడే, నాకు పని రాదు అని చెప్పుకున్నాడు. తనకోసం. తెలిసి కూడా తన్ను కాచాడు. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషమో సిగ్గో చెప్పలేని ఏడుపు.

పెదబాబు వెంటనే పెద్దమనిషి అయిపోయాడు. గెలిచినవాడికి క్షమించడం ఎంత సులువు! "ఒప్పుకున్నావు, అది చాలు. మనిషన్నాక పొరపాట్లుంటాయి. కాళ్ళు కడుక్కో, భోంచేద్దాం" అని వాడి భుజం తట్టాడు. చేతులు కడుక్కుంటూ గోడ అవతలికి, "వచ్చేసిందండి రమణమ్మ గారూ! మావాడే మర తప్పించేడటండి, ఒప్పుకున్నాడు పాపం!" అని కేక కూడా వేశాడు. రమణమ్మ గారు, "అలాగా అండీ! పోన్లెండి!" అన్నారు.

అరిటాకులు వేసింది సీతారత్నం. పులిహోర, బూరెలు, కంద బచ్చలి, గుమ్మడికాయ పులుసు. అన్నీ వాడికి ఇష్టమైనవే. అనిల్ తలొంచుకుని తింటున్నాడు. పెదబాబు బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుంటూ మర ఎలా ఎక్కించాలో వాడికి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. "ముందు వెనక్కి ఒక చుట్టు తిప్పాలి. టిక్కుమని కూర్చుంటుంది. అప్పుడు ముందుకి తిప్పాలి. మా మిలటరీలో మొదటి రోజు నేర్పేది ఇదే. నీకు ఎవరూ చెప్పలేదు గావును."

"ఆయ్. ఇకనుంచీ అలాగే చేస్తానండి" అన్నాడు అనిల్.

గరిటె గిన్నెలో పడింది. "వాడు కాదండీ" అంది సీతారత్నం.

ఇద్దరూ తలెత్తారు.

"వాడు సరిగ్గానే బిగించేడు. నేనే. దసరా నాడు మీరు స్నానానికెళ్ళేక పసుపు రాసి, కొబ్బరినీళ్ళు ధార పోసేను. ఆ కత్తిపోటు చూసేక నాకు భయమేసి మొక్కుకున్నాను. మీకేం కాకూడదని. ఆ నీళ్ళే దిగేయి లోపలికి."

పెదబాబు చేతిలో బూరె అలాగే ఉండిపోయింది. కోపం వస్తుందో రాదో తనకే తెలీనట్టు చూశాడు. తరవాత కళ్ళు చెమ్మగిల్లాయి, ఆ వెంటనే నవ్వొచ్చింది. "పిచ్చిదానా! తుపాకీకి అభిషేకమా? ఓసి నీ మొక్కు బంగారం గానూ!" తలకాయ అడ్డంగా ఊపి, అనిల్ వైపు తిరిగాడు. "చూసేవుట్రా మీ అక్క నిర్వాకం? నిన్ను అనవసరంగా అన్నాన్రా. మనసులో పెట్టుకోకు. ఏదో తెలీక చేసింది."

"అవునండి బావగారూ" అన్నాడు అనిల్. వాడి ముఖం కూడా తేటపడింది. "ఆ గుడ్డ పచ్చగా అవ్వగానే నాకు అర్థమైపోయిందండి. అక్కకి తెలిస్తే తన వల్లే అని కుమిలిపోద్దని ఊరుకున్నాను. నా మీద పడితే ఏముందండి, మగాణ్ణి." అక్క వైపు తిరిగి నవ్వాడు. "ఇందాక గుడ్డ చూసేకే గుర్తొచ్చింది కదక్కా నీకు?"

అప్పుడు తెలిసింది సీతారత్నానికి. వీడికి తెలియలేదు. పసుపు సంగతి తెలిసింది గానీ, తను తెలిసీ ఊరుకున్న సంగతి తెలియలేదు. అక్కకి ఏమీ తెలీదనుకుని, ఆ తెలియని అక్కని కాచాడు. తెలిసి కాచాడని తను మురిసిపోయింది.

ఇద్దరు మగవాళ్ళూ ఆవిడ వైపు చూస్తున్నారు. పెదబాబు అప్పుడే ఔనన్నట్టు తలూపేస్తున్నాడు. ఆయ్ అని ఒక్క ముక్క అంటే చాలు. ఎవరికీ నష్టం లేదు. తుపాకీ బాగైంది, ఉద్యోగం నిలిచింది, తమ్ముడు వచ్చే ఆదివారం వస్తాడు. ఆ ముక్క నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కూర్చున్నది వాడు. వాడి తలకి నీళ్ళు పోసి, కళ్ళల్లో కుంకుడురసం పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది తను. ఇంకోసారి వాడికి అబద్ధం తినిపించలేకపోయింది.

"లేదురా" అంది. "అప్పుడే తెలుసు. మరలో ఏదో దిగిందని ఆయన అనగానే తెలిసింది నాకు. నువ్వు రాకముందే."

"వీధిలో బావగారు నన్ను అన్నప్పుడు..."

"తెలుసు."

అనిల్ విస్తట్లో మిగిలిన పులుసన్నం ముద్ద పూర్తిగా తిన్నాడు. ఒక్క మెతుకు వదల్లేదు. 

సీతారత్నం పెరుగు గిన్నె అందుకుని వంగింది. "వద్దక్కా, కడుపు నిండిపోయింది" అని అనిల్ విస్తరి మడిచి లేచాడు. వాడు ఆ ఇంట్లో పెరుగు కలుపుకోకుండా లేవడం అదే మొదలు.